ఆ కాకర

పూర్ణా మార్కెట్ వెనక గేటు పక్కన
గోనెపట్టా మీద పచ్చటి ముళ్ళ గోళీలు రాశి పోసి
అడ్డపొగ చుట్టతో కూర్చుంటుంది ఎర్నమ్మ.
పావుకిలో డెబ్భై.
ఆ పక్క బండి మీద కాకర
కిలో నలభై.

"అదీ కాకరే, ఇదీ కాకరే, ఎందుకే ఇంత తేడా?"
మొదటిసారి అడిగినప్పుడు
చుట్ట బయటికి తీసి, కంబాలకొండ వైపు చెయ్యి చాపి
"ఇది ఈ కాకర కాదమ్మా,
ఆ కాకర" అంది.
పేరులోనే ఒక వేలు కొండని చూపిస్తోందని
నలభై ఏళ్ళు తిన్నాక
ఆ పూట తెలిసింది నాకు.

మరి రెంటికీ వరసేంటి?
"అప్పసెల్లెల్లు.
సెల్లి కంచె దాటి ఊల్లోకి ఎల్లిపోనాది,
పందిరేసినారు, నీల్లు పోసినారు.
అప్ప కొండమీదుండిపోనాది.
సేదెవరికొచ్చిందో సూడు,
పందిట్లో ఉన్నదానికే!"

ఆ చెల్లెలు మహారాణిపేటలో మా మేడ మీదే ఉంది,
పాత పెయింటు డబ్బాలో.
తెల్లారేసరికి విచ్చుకుంటుంది.
మగపువ్వూ ఆడపువ్వూ ఒకే తీగకి,
ఒక్క తేనెటీగ వస్తే చాలు, కాపురం ఇంట్లోనే.
కోసి, ఉప్పు రాసి, పిండి,
చింతపండుతో బెల్లంతో ఎంత బతిమాలినా
నాలుక చివర
అనకుండా ఆగిన మాటలా కాస్త మిగులుతుంది.

అప్పని కూడా తెచ్చుకుందామనిపించింది.
పండిన గింజలు నాటి
మూడు నెలలు ఉత్త మట్టికి నీళ్ళు పోశాను.
"గింజకేటి తెలస్తాది, దుంప కావాల" అని
పేపర్లో చుట్టి ఇచ్చింది ఎర్నమ్మ,
మట్టి కూడా దులపలేదు, డబ్బులూ తీసుకోలేదు.
"ఆడదో మగదో నాకేటి తెల్దు.
పూస్తే అదే సెప్తాది."

పూసింది.
యారాడ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు
మొదటి చుట్టు తిరిగే వేళకి
లేత పసుపు రేకులు ఒక్కొక్కటే విప్పింది.
పువ్వు కింద చిన్న ముళ్ళ గుండు ఉండాలి.
లేదు.
ఉత్త కాడ.
మగది.
పక్క డబ్బాలో చెల్లెలి పూలు
ఎప్పుడో మధ్యాహ్నమే వాడి ముడుచుకున్నాయి.
ఒకే డాబా, ఒకే దండెం తాడు, ఇంచుమించు ఒకే పసుపు.
మధ్యలో ఒక రాత్రంతా దూరం.

ఆ రాత్రిని నేను దాటిద్దామనుకున్నాను.
సాయంత్రం పువ్వుని తడి దూదిలో పెట్టి
స్టీలు డబ్బాలో దాచి
తెల్లారాక తీసి చెల్లెలి ఆడపువ్వుకి అద్దాను.
రెండ్రోజులు పిందె ఉబ్బినట్టే ఉబ్బింది.
మూడోనాడు పసుపెక్కి
నా చెప్పు పక్కన రాలింది.

ఎర్నమ్మకి చెబితే
పొగ గొంతుకి అడ్డంపడి దగ్గేదాకా నవ్వింది.
"సుట్టరికం ఉన్నాదని
పెల్లి కుదిరిపోద్దేటే?"

మాఘంలో తీగ ఎండి చుట్టుకుపోయింది.
డబ్బా బోర్లించి వంగ నారు పెడదామనుకున్నాను.
అప్పుడు చెప్పింది ఆవిడ
హుద్‌హుద్ సంగతి.
"తెల్లారి లేసి సూస్తే కొండకి ఒక్క ఆకు లేదు.
కాల్సి పారేసినట్టున్నాది.
మా రేకులు ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెల్దు.
పయ్యేడు ముసుర్లకి
బండల సందున ముందు లేసినాదేటనుకున్నావు? ఇదే.
లోపలున్నదాన్ని గాలేటి సేస్తాది?"
నేను వంగ నారు ఎదురింటి వాళ్ళకి ఇచ్చేశాను.

జ్యేష్ఠంలో మొదటి వాన.
మూడోరోజుకి డబ్బాలో మట్టి బీట తీసి
ఒక ముక్కు బయటపెట్టింది.
అదే వారం ఎర్నమ్మ ఇంకో దుంప
నా సంచిలో పడేసింది, వంకాయల మీద.
"ఈపాలి అదృష్టం సూడు."

ఇవాళ ఆ రెండో తీగకి మొగ్గ.
సందె చీకటి, కరెంటు లేదు,
టార్చి కిందే మర్చిపోయాను.
సముద్రం వైపు నుంచి ఉప్పు గాలి.
మొగ్గ కిందకి వేలు పోనిచ్చి
మెల్లగా తడిమాను.

సన్నగా, మెత్తగా
గుచ్చుకుంది.